హస్తకు మడి, స్వాతికి నాటు: గుంటూరు పెరట్లో శరత్కాలం పనులు

వినాయక చవితి వెళ్ళి దసరా దగ్గర పడుతుంటే చాలామంది తోట పని విత్తనాల ప్యాకెట్లతో మొదలుపెడతారు. నేను పార, గునపం బయటికి తీస్తాను. మా నేలకి, మా వానల తీరుకి ఈ రెండు నెలల్లో అన్నిటికన్నా ముందు కావలసింది నీళ్ళు బయటికి పోయే దారి. ఆ దారి లేని పెరట్లో ఎంత మంచి విత్తనం వేసినా, అక్టోబర్ ఆఖర్లో ఒక్క వాయుగుండం పట్టిందంటే నారు మొదళ్ళు కుళ్ళి పడిపోతాయి. అందుకే ఇక్కడ రాసేదాంట్లో సగం మట్టి గురించి, నీళ్ళ గురించే ఉంటుంది. విత్తనాల సంగతి ఆ తరవాత.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాని. కొత్త కాయ దిగడం మొదలైతే ఏప్రిల్ దాకా తల ఎత్తడానికి ఉండదు. అక్టోబర్, నవంబర్లలో వచ్చేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీల సరుకు కాబట్టి కొంచెం ఊపిరి ఆడుతుంది. నా తోట పని అంతా ఆ రోజుల్లోనే. కొరిటెపాడులో ఇంటి వెనక సెంటున్నర పెరడు, డాబా మీద కొన్ని టబ్బులు. నేల అచ్చమైన నల్లరేగడి. ఎర్రనేల, ఇసుక నేల ఉన్నవాళ్ళకి నీళ్ళ విషయంలో ఇంత ఇబ్బంది ఉండదు, మిగతాదంతా వాళ్ళకీ పనికొస్తుంది.

లెక్క నేను కార్తెల్లో పెట్టుకుంటాను. ఉత్తర సెప్టెంబర్ 13 ప్రాంతంలో వస్తుంది. హస్త సెప్టెంబర్ 27 నుంచి, చిత్త అక్టోబర్ 10, 11 నుంచి, స్వాతి అక్టోబర్ 24 నుంచి, విశాఖ నవంబర్ 6 నుంచి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని మెట్ట రైతులు అనుకునేవాళ్ళు. ఉత్తరకీ వాన లేకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు వదలడమే అని. కుళాయి ఉన్న ఇంటి తోటకి ఆ బాధ లేదు. మనకు టెన్షన్ అంతా ఆ తరవాత పడే వానతోనే. నైరుతి వెనక్కి తగ్గుతుంది, అక్టోబర్ మూడో వారం ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు వస్తాయి, అక్కణ్ణుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2023లో మిచౌంగ్ తుఫాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల మాకు 50 కిలోమీటర్ల దూరం. డిసెంబర్ వచ్చేసింది, ఇక భయం లేదు అనుకోవడానికి వీల్లేదు.

కాబట్టి నా వరస ఇది. హస్తలో నేల, మడులు, నారు పోయడం (మిరప నారు మాత్రం ఉత్తరలోనే). చిత్తలో కొమ్మలు కత్తిరించడం, పందిరి గట్టి చేయడం. స్వాతి నుంచి నాటడం.

పదును చూసి తవ్వాలి

నల్లరేగడిని తడిగా ఉన్నప్పుడు కెలికితే పెద్ద పెద్ద గడ్డలు లేస్తాయి. ఎండాక అవి సుత్తితో కొట్టినా పగలవు. పూర్తిగా ఎండిన తరవాత తవ్వుదామంటే పార దిగదు. రెండింటికీ మధ్య రెండు మూడు రోజులు పదును ఉంటుంది, ఆ రోజులు పట్టుకోవాలి. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్ద కావాలి. ఆ ముద్దని నడుము ఎత్తు నుంచి నేల మీదికి వదలండి. చప్పున అప్పచ్చిలా అతుక్కుంటే ఇంకా తడి ఎక్కువ, ఆగాలి. నాలుగైదు ముక్కలుగా విడిపోతే ఆ రోజే తవ్వాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు. అసలు ముద్దే కట్టకపోతే ముందు రోజు సాయంత్రం నీళ్ళు పెట్టి, ఆరనిచ్చి చూడాలి. పైన ఎండినట్టు కనిపించి లోపల జిగటగా ఉండటం మా నేలకి మామూలే. అందుకే పైమట్టి చూసి నిర్ణయించకండి.

తవ్వేటప్పుడే కలుపు సంగతి తేల్చేయాలి. వానాకాలం అంతా పెరిగిన గరిక, తుంగ, వయ్యారిభామ ఈ పాటికి పెరడంతా పాకి ఉంటాయి. వయ్యారిభామ పూత పట్టకముందే పీకితే కంపోస్టులో వేసుకోవచ్చు. తెల్లపూలు వచ్చేశాక వేయకూడదు, విత్తనం అక్కడే రాలుతుంది. చేతులకి తొడుగులు వేసుకోండి, ఒంటికి పడక దద్దుర్లు వచ్చేవాళ్ళున్నారు. తుంగని పైకి కోస్తే లాభం లేదు, వారానికి మళ్ళీ లేస్తుంది. దాని ప్రాణం కింద గడ్డలో ఉంటుంది. దారంలా ఉన్న వేరు పట్టుకుని వెళితే దాని చివర నల్లటి గడ్డ, అక్కడి నుంచి ఇంకో దారం, ఇంకో గడ్డ. గునపంతో కింద నుంచి లేపి, మట్టి విదిల్చి, గడ్డలన్నీ ఏరాలి. ఓపిక పట్టే పని. నేను మడికి ఒక పూట కేటాయిస్తాను. ఏరిన గడ్డల్ని కంపోస్టులో వేయకుండా డాబా మీద పరిచి నాలుగు ఎండలు చూపించి పారేస్తాను.

నల్లరేగడిలో ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది ఒక బస్తా తెచ్చి చల్లుతారు. అంత కొద్ది ఇసుకతో ఏమీ కాదు, మట్టి ఇంకా గట్టిపడుతుంది కూడా. ఈ నేలని మార్చేది మాగిన పశువుల ఎరువు, ఆకు ఎరువు, కొంచెం వరి ఊక. ఇంకో మాట. పొయ్యి బూడిద, ఊక బూడిద, సున్నం ఈ నేలకి వద్దు. మా నల్లనేలల్లో క్షార గుణం ముందే ఎక్కువ, బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది. గులాబీ, మందార లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరగడం చూసే ఉంటారు. చాలాసార్లు అది ఇనుము అందకపోవడమే. క్షారం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు.

నీళ్ళు పోయే దారి

మడి వెడల్పు రెండు వైపుల నుంచీ చెయ్యి మధ్యదాకా అందేంత ఉండాలి. అంటే మూడు నుంచి నాలుగు అడుగులు. ఎత్తు జానెడు. మడుల మధ్య తవ్విన మట్టినే మడి మీదికి ఎత్తితే కాలువ, మడి రెండూ ఒకే పనిలో వస్తాయి. ఆ కాలువలన్నీ గోడలో ఉన్న తూము వైపు వాలి ఉండాలి. వాలు కంటికి తెలియదు. కాలువ ఎగువ చివర ఒక బక్కెట్ నీళ్ళు పోసి నిలబడి చూడండి. నీళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ గీకాలి, మళ్ళీ ఒక బక్కెట్ పోయాలి. చివరికి నీళ్ళు తూములోకి జారేదాకా ఈ పని వదలకూడదు. తూము బయట మునిసిపల్ కాలువ పూడిపోయి ఉంటే మీ కష్టమంతా వృథా. దసరా లోపే చూసుకుని పూడిక తీయించుకోవాలి.

డాబా మీద నుంచి వాన నీళ్ళు దిగే పైపు ఎక్కడ పడుతోందో కూడా చూడండి. చాలా ఇళ్ళల్లో అది నేరుగా పెరట్లోకే దిగుతుంది. గట్టి వాన పడితే ఆ ధారకి మడి మూల కోసుకుపోతుంది. పైపు కింద ఒక పాత బండ వేసి, అక్కడి నుంచి తూముకి వేరే కాలువ తీస్తే సరిపోతుంది. డాబా మీద పైపు నోరు దగ్గర ఆకులు అడ్డం పడకుండా జాలీ పెట్టాలి.

కుండీలు, టబ్బులు ఒక్కొక్కటీ పక్కకి వంచి అడుగు చిల్లులు చూడాలి. వేసవి నుంచి ఉన్నవాటికి వేళ్ళు చిల్లుల్లోంచి బయటికి వచ్చి మూసేసి ఉంటాయి. ఒక ఇనుప చువ్వతో తెరిచి, కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తండి. కుండీ కింద పళ్ళేలు ఉంటే ఈ మూడు నెలలు తీసేయండి. డెంగీ తెచ్చే దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పెయింటు డబ్బాలు అన్నీ బోర్లించాలి. పిట్టలకి నీళ్ళు పెట్టే గిన్నె ఉంటే వారానికి రెండుసార్లు కడగండి.

ఎరువు మాగబెట్టడం

ఇది నారు పోయడానికి ముందే మొదలు పెట్టుకోవాలి, ఎందుకంటే తయారవ్వడానికి రెండు వారాలు పడుతుంది. టమాటా, వంగ, మిరప నారుకి ఈ వానల్లో పెద్ద శత్రువు నారుకుళ్ళు. నిన్న నిలబడ్డ మొక్క పొద్దున్నే మొదలు దగ్గర నీరు పట్టి, సన్నబడి పడిపోయి ఉంటుంది. పడ్డాక మందు కొట్టి లేపడం కుదరదు, మట్టిని ముందే సిద్ధం చేసుకోవాలి. బాగా మాగిన పశువుల ఎరువు 9 కిలోలు, వేపపిండి 1 కిలో, ట్రైకోడెర్మా విరిడి పొడి 200 గ్రాములు. మూడూ కలిపి, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టేంత తడి చేసి, నీడలో కుప్ప పోయాలి. పైన తడి గోనె కప్పాలి. మూడు రోజులకొకసారి కలియబెట్టి, ఆరిపోతే నీళ్ళు చిలకరించాలి. 10 నుంచి 15 రోజుల్లో కుప్ప లోపల తెల్లగా, తరవాత ఆకుపచ్చగా బూజు పాకుతుంది. ఆ పచ్చదనం కనిపిస్తే పని అయినట్టే. ట్రైకోడెర్మా కూడా బూజే, కాకపోతే వేళ్ళని కుళ్ళబెట్టే శిలీంధ్రాల్ని తినేసే బూజు. ఇది వేసిన మట్టిలో కాపర్ (రాగి) తెగులు మందులు అప్పుడే పోయకండి, ఇదీ చచ్చిపోతుంది.

గోనె అంటే నాకు కొదవ లేదు. యార్డులో మిర్చి నింపే బస్తాలని టిక్కీలు అంటాం, ఒక్కో దాంట్లో 40 కిలోల పైనే కాయ పడుతుంది. చిరిగి పనికిరాకుండా పోయిన టిక్కీలు ఇంటికి తెచ్చుకుంటాను. తోటలో వాడేముందు బాగా ఝాడించి, రెండు నీళ్ళలో నానేసి ఉతకాలి. లేకపోతే ఆ మిర్చి దుమ్ము కళ్ళల్లో, ముక్కులో పడి మనిషిని నిలబడనివ్వదు. ఉతికిన టిక్కీకి తోటలో ఎన్ని పనులో. ఎరువు కుప్ప మీద కప్పడం ఒకటి. రెండోది నత్తలు పట్టడం. వానాకాలం చివర నత్తలు లేత మొలకల్ని రాత్రికి రాత్రే నున్నగా కొరికేస్తాయి. సాయంత్రం తడి టిక్కీని మడి పక్కన పరిచి ఉంచితే, పొద్దున్నే ఎత్తి చూసేసరికి అన్నీ దాని కిందే చేరి ఉంటాయి. ఏరి ఉప్పునీళ్ళ బక్కెట్లో వేయడమే. మట్టి మీద మాత్రం ఉప్పు చల్లకండి, నేల పాడైపోతుంది.

రాలిన ఆకుల్ని తగలబెట్టడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అది రేపటి ఎరువు. ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి నిలబెట్టి, అందులో మామిడి, వేప, బాదం ఆకులు వేస్తూ మధ్య మధ్యలో కొంచెం పేడనీళ్ళు పోస్తే వచ్చే ఏడాది హస్తకి చేతికొస్తుంది.

కొత్తిమీర, మెంతి, పాలకూర

వేసవిలో కొత్తిమీర వేస్తే నాలుగాకులు రాగానే పూతకొస్తుంది. దాని అసలు కాలం అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా. కిరాణా కొట్లో ధనియాలే చాలు, పాతవి కాకుండా, పచ్చటి ఛాయ ఉన్నవి చూసి తీసుకోండి. ఒక్కో ధనియం లోపల రెండు విత్తనాలు ఉంటాయి. గచ్చు మీద పోసి చెక్కతో మెల్లగా రుద్దితే రెండుగా విడిపోతాయి. పొడి కానివ్వకూడదు. రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే వడకట్టి, నీడలో కాసేపు ఆరబెట్టి, వేలితో గీసిన సన్న గాళ్ళలో అరంగుళం లోతున వేసి పైన ఎరువు కప్పాలి. ఆ మీద తడి టిక్కీ. మొదటి మొలక కనిపించిన రోజే టిక్కీ తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు గోనె దారాల్లో చిక్కుకుని, తీసేటప్పుడు వేళ్ళతో సహా వచ్చేస్తాయి.

పక్కింటి అమ్మాయి పోయినేడు తలుపు కొట్టింది. "బాబాయ్ గారూ, ధనియాలు చల్లి వారమైందండీ, ఒక్క మొలకా లేదు. మెంతులు చూస్తే అప్పుడే రెండాకులు వేశాయి. విత్తనం చెడ్డదంటారా?" అంది. చెడ్డది కాదమ్మా, మెంతి మూడు నాలుగు రోజుల్లో వస్తుంది, కొత్తిమీరకి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది, తవ్వి చూడకు, తడి ఆరనివ్వకు అని చెప్పాను. చాలామంది ఆ పదో రోజు దాకా ఆగలేక మడి కెలికేస్తారు. అక్కడే పోతుంది.

మొత్తం ఒకేసారి వేయకండి. రెండు వారాలకొక గాడి వేస్తే ఇంట్లోకి ఎప్పుడూ లేతది ఉంటుంది. ఒక టబ్బులో కూడా కొంత వేసి సన్‌షేడ్ అంచున ఉంచండి. గట్టి వానకి మడిలో కొత్తిమీర నేలకి ఒరిగి కుళ్ళిపోయినా టబ్బులోది మిగులుతుంది. మెంతి, పాలకూర, చుక్కకూరలకి ఇంత జాగ్రత్త అక్కర్లేదు, చల్లి తడి పెడితే చాలు. ముల్లంగి ఎత్తు మడిలో బాగానే వస్తుంది. క్యారెట్ మాత్రం రేగడిలో వంకర్లు పోతుంది, లోతైన టబ్బులో ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపిన మట్టిలోనే వేయండి. గోంగూర ఈ రోజుల్లో పూతకి వచ్చేస్తుంది, పగలు తగ్గుతుంటే దాని స్వభావం అది. ఆకు గిడసబారిందని అన్నీ పీకేయకుండా రెండు మొక్కలు విత్తనానికి ఉంచుకోండి.

నారు రెండు విడతలు

టమాటా నారు 25 నుంచి 30 రోజులు, వంగ 30 నుంచి 35, మిరప 40 రోజుల దాకా తీసుకుంటాయి. ఈ లెక్కన మిరప నారు ఉత్తరలోనే పోసుకుంటే నాటడానికి స్వాతికి అందుతుంది. టమాటా, వంగ హస్త చివర పోస్తే సరిపోతుంది. నేను ప్రోట్రేల్లో (చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ట్రేల్లో) పోస్తాను, వాన ఎక్కువైతే ఎత్తుకెళ్ళి వరండాలో పెట్టుకోవచ్చు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, నారు ఒకేసారి పోయకండి. రెండు వారాల తేడాతో రెండో విడత కూడా పోసి ఉంచండి. స్వాతిలో నాటిన మొదటి విడత తుఫానుకి పోతే, రెండోది చేతిలో ఉంటుంది. పోకపోతే ఇరుగుపొరుగుకి పంచండి, నారు వద్దనేవాళ్ళు ఉండరు.

టమాటాకి ఇదే మంచి కాలం, రాత్రులు చల్లబడితే పూత నిలిచి పిందె కడుతుంది. మొక్కకి మొక్కకి రెండడుగులు వదిలి, నాటిన రోజే పక్కన కర్ర పాతాలి. పెరిగాక పాతితే వేళ్ళు తెగుతాయి. వంగకి తల వాలిందంటే కొమ్మ తొలిచే పురుగు దిగిందన్నమాట. వాలిన చోటుకి రెండంగుళాలు కిందికి తుంచి, నలిపి పారేయండి. దాన్ని వదిలేస్తే రేపు కాయలో ఉంటుంది.

మిరప గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా కొట్లో ఎండుకాయ చూసి ముచ్చటపడి, "ఆ గింజలు నాలుగు ఇవ్వండి, పెరట్లో వేసుకుంటాం" అని అడుగుతారు. ఇప్పుడు వచ్చే కాయలో చాలా భాగం హైబ్రిడ్, ఆ గింజ వేస్తే తల్లి కాయ రాదు. ఇంట్లో వేసుకుని గింజ దాచుకోవాలంటే హైబ్రిడ్ కాని సూటి రకం వెతుక్కోండి. మా ఊరి పక్కనే లాం ఫారంలో (వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో) తయారైన లాం 334 లాంటివి అందుకు పనికొస్తాయి. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు వచ్చి ఈ ప్రాంతం రైతుల్ని ఎంత ఏడిపించిందో కొట్లో కూర్చుని చూశాను. పూతలో దూరి, పూతనంతా రాల్చేసే పురుగు అది. పెరట్లో రెండు మొక్కలున్నా సరే, పూత మొదలవగానే ఒక పువ్వు తెంపి తెల్ల కాగితం మీద తట్టి చూడండి. నల్లటి సన్నటి పురుగులు పాకితే ఉన్నట్టే. తామర పురుగుకి నీలం జిగురు అట్టలు, తెల్లదోమకి పసుపు అట్టలు మొక్క తల ఎత్తులో కట్టండి. వేపనూనె లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కొంచెం సబ్బు నీళ్ళు, సాయంత్రం పూట ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టండి. విడవకుండా వారానికొకసారి కొడితేనే ఫలితం.

ఏది కత్తిరించాలి, ఏది ముట్టకూడదు

గులాబీ కత్తిరింపుకి చిత్త కార్తె సరైన అదను. వాన తెరిపి ఇచ్చి రెండు రోజులు ఎండ ఉంటుందనుకున్నప్పుడు మొదలుపెట్టండి. ఎండిన కొమ్మలు, లోపలికి పోయే కొమ్మలు, అంటు ముడి కింద నుంచి లేచిన పిలకలు మొదట తీసేయాలి. మిగిలిన కొమ్మల్ని బయటి వైపు చూస్తున్న కన్నుకి కొంచెం పైన, ఏటవాలుగా కోయాలి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద రాస్తే కొమ్మ పైనుంచి ఎండుతూ రాదు. నెలా పదిహేను రోజులకి మొగ్గ చూస్తారు.

మల్లెని ఇప్పుడు ముట్టకండి. దాని కత్తిరింపు నవంబర్ చివరి నుంచి. మామిడి కొమ్మలు కూడా ఇప్పుడు కొట్టకూడదు, వచ్చే పూత ఆ కొమ్మల చివర్లలోనే ఉంటుంది. నవంబర్ వచ్చాక మామిడికి నీళ్ళు, నత్రజని ఎరువులు ఆపేయండి. చెట్టు కొంచెం బెట్టకొస్తేనే పూస్తుంది. నీళ్ళు పెడితే చిగురు వేస్తుంది. కరివేపాకు కొమ్మలు మాత్రం తుంచి ఎరువు వేయవచ్చు, చలి ముదిరాక అది పెరగదు. మునగ కొమ్మ పెళుసు, గాలికి మొదట విరిగేది అదే. గోడ దాటి పొడుగ్గా పోయినవి పొట్టి చేయండి. కొబ్బరి చెట్టుంటే ఎండు మట్టలు, ముదురు కాయలు దింపించండి. అరటికి గెల ఉన్న వైపు పోటు పెట్టండి.

చిక్కుడు పందిరి ఈ నెలలో ఒకసారి పట్టుకుని ఊపి చూడాలి. పాదు అంతా అల్లుకుని తడిస్తే దాని బరువు మనం అనుకున్న దానికన్నా చాలా ఎక్కువ. మూలల్లో సరుగుడు కర్రలు కదులుతుంటే రాళ్ళు దట్టించి, జీఐ వైరుతో గోడ మేకుకి కట్టండి. బీర, కాకర పాదులు అయిపోవచ్చాయి, ఒక్కో పాదుకి ఒక మంచి కాయ విత్తనానికి ఎండనిచ్చి, మిగతా తీగ తీసేస్తే చిక్కుడుకి గాలి ఆడుతుంది. చిక్కుడు పూత మీద పేనుబంక వస్తుంది. దాన్ని తినే అక్షింతల పురుగులు తిరుగుతుంటే ఏ మందూ కొట్టకండి, వాటి పని అవి చేస్తాయి. లేకపోతే సబ్బు నీళ్ళలో ముంచిన కుంచెతో తుడిచేయండి.

చామంతి సంగతి. చిక్కుడు, గోంగూరల్లాగే చామంతికీ రాత్రి పొడుగైతేనే మొగ్గ. మా ఇంటి ముందు వీధి దీపం గోడ మీద పడుతుంది. ఆ వెలుగు తగిలే వైపు కుండీలు దీపావళి దాటినా ఆకుతోనే ఉంటాయి, అదే గోడ చాటున ఉన్నవి మొగ్గ వేసేస్తాయి. మీ చామంతి పూయడం లేదంటే ఎరువు వేసేముందు రాత్రి ఎనిమిదింటికి బయటికి వచ్చి దాని మీద వెలుతురు పడుతోందేమో చూడండి. సంక్రాంతి గొబ్బెమ్మలకి బంతి కావాలంటే నారు హస్తలో పోసి, స్వాతిలో నాటి, మొదటి మొగ్గ తుంచేయండి. పక్క కొమ్మలు వేసి, పండగ నాటికి చెట్టు నిండా పూలుంటాయి.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు

పిట్టగోడ మీద కుండీలు దించడం మొట్టమొదటి పని. మన మొక్క కోసం కాదు, కింద వీధిలో నడిచేవాళ్ళ కోసం. పొడుగు మొక్కల కుండీలు గోడ వారన ముందే పడుకోబెట్టండి. షేడ్‌నెట్ విప్పేయాలి, గాలికి అది తెరచాపలా ఉబ్బి కర్రల్ని కూడా లాక్కుపోతుంది. కోతకి వచ్చిన కూరలు, కాయలు కోసేయండి. తూము, డాబా పైపు నోరు మళ్ళీ ఒకసారి చూసుకోండి.

వాన వెలిశాక వెంటనే మడిలో దిగకండి, తొక్కితే రేగడి సిమెంటులా గట్టిపడుతుంది. కాలువ గట్టున నిలబడి నీళ్ళు కదిలేలా చేయండి. ఒరిగిన మొక్కని లేపి కర్రకి కట్టండి. వేళ్ళకి ఊపిరి ఆడని స్థితిలో మొక్క మొదట్లో ఎరువు వేస్తే తీసుకోలేవు. 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీళ్ళలో కరిగే ఎరువు) లీటరు నీళ్ళకి 5 గ్రాములు కలిపి ఆకుల మీద కొడితే తేరుకుంటాయి. మొదళ్ళు వడలుతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి పాదు తడపండి. అక్కడ ట్రైకోడెర్మా పోతుంది, రెండు మూడు వారాలయ్యాక మళ్ళీ వేసుకోవచ్చు.

వాన నీళ్ళు వేరు, వరద నీళ్ళు వేరు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలి పెరట్లో రోజుల తరబడి మురుగు కలిసిన నీళ్ళు నిలిచాయి. అలాంటి నీళ్ళు తగిలిన ఆకుకూరలు, ముల్లంగి లాంటి దుంపలు ఎంత కడిగినా తినకూడదు, పీకేయాలి. మేట వేసిన బురద పైపొర గీకి తీసేసి, కొన్నాళ్ళు ఎండ తగలనిచ్చి, పచ్చిగా తినే కూరలు కాకుండా పూలమొక్కలతో మొదలుపెట్టడం మంచిది. మా చెల్లెలు ఆ మడిలో బంతి వేసింది.

విశాఖ కార్తె నుంచి రాత్రుళ్ళు మంచు పడుతుంది. అప్పటి నుంచి నీళ్ళు పొద్దున్నే, మొదట్లోనే పోయాలి, ఆకుల మీద వద్దు. సాయంత్రం తడిసిన ఆకు తెల్లారేదాకా ఆరక ఆకుమచ్చలకి దారి తీస్తుంది. దోస, గుమ్మడి జాతి ఆకుల మీద బూడిద తెగులు కూడా ఈ చల్లటి రోజుల్లోనే మొదలవుతుంది. తెల్లపొడి మచ్చ కనిపించిన ఆకుని ఆ రోజే తుంచేయండి. నేల మీద గడ్డి పరచడం మాత్రం వానల్లో చేయకండి, తడి పట్టి నత్తలకి ఇల్లు అవుతుంది. వరి కోతలు మొదలై తెనాలి వైపు నుంచి గడ్డి దొరికే రోజులకి మా మడులు ఆరి నెర్రెలివ్వడం మొదలుపెడతాయి. అప్పుడు పరచండి, మూడంగుళాల మందాన, మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ జాగా వదిలి.